ఆరు గీతల పీపా

కాస్త ఇటు జరిగి కూర్చోండి. పొయ్యి మీద కాఫీ పొంగితే పొంగనివ్వండి, ఈ పూట మధ్యలో ఎవరినీ లేవనివ్వను.

పోయిన వారం విననివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నేను జుల్మీరను. పావుల్ లోయలో ఏడు మెట్ల చేను మాది, అందులో చెరకు తప్ప మరొకటి వెయ్యలేదు. బయటివాళ్ళు రమ్ అనేదాన్ని మేము గ్రోగు అంటాం, ఇంట్లోనే కాస్తాం. మా ఆయన తియోఫిలు పోవడానికి ఏడాది ముందు ఒక చిన్న పీపా నింపాడు. "పదేళ్ళ దాకా దీన్ని కదపొద్దు జుల్మీరా. ఈ లోయలో అందరూ పెళ్ళికో చావుకో తెరిచేసేవాళ్ళే. పదేళ్ళు ఆగిన చిన్న పీపా ఒక్కటైనా ఉండాలి" అన్నాడు. ఆరేళ్ళు ఆగాను. ఈ మధ్య మా కొంపాద్రె అనక్లేతు మనవడికి బాప్తిస్మం జరిగింది. అతను నా కూతురు లియొంతీనకు జ్ఞానతండ్రి, అందుకే నాకు కొంపాద్రె, నేనతనికి కొమాద్రె. అలాంటి ఇంటి శుభకార్యానికి మన ఇంట్లో ఉన్నవాటన్నిటిలోకీ పాతది పట్టుకెళ్ళాలి. నేను ఆ పీపా నుంచి ఒక్క సీసా దించి పట్టుకెళ్ళాను. అతను ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, వచ్చిన చుట్టాలందరి ముందూ, "కొమాద్రె, ఇందులో మాడ్చిన పంచదార ఉంది" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర ఎంత బరువుందో చెప్పాలి. మొన్న కాచిన తెల్లటి గ్రోగులో మాడ్చిన పంచదార పాకం కలిపితే ఆరేళ్ళ రంగు వచ్చేస్తుంది. అది దొంగపని. మా గట్టు మీద ఇరవై ఇళ్ళకీ కలిపి గానుగ ఒక్కటే. దొంగ గ్రోగు చేసిన ఇంటికి గానుగలో వంతు ఉండదు, ఎడ్లను అరువివ్వరు. నా చెరకు అప్పటికే కొట్టి, గానుగ వాకిట్లో అరటాకులు కప్పి ఉంది. నా వంతు సోమవారం. మంగళవారం దాటితే కొట్టిన చెరకు పులిసిపోతుంది, ఏడాది చాకిరీ గుట్టకింద పారబొయ్యాల్సిందే. గానుగ పెద్ద ఒలింపియు నన్ను పిలిపించి, "ఆదివారం పూజ అయ్యాక పీపా పట్టుకురా. అందరి ముందూ తేలుద్దాం" అన్నాడు. కిందటి వారం అక్కడ ఆపాను.

ఆదివారం వచ్చింది. పీపాను నేనే నెత్తిన పెట్టుకుని దిగాను. అది పట్టేది ఇరవై లీటర్లే. అందులోనూ ఆరేళ్ళలో సగానికి తగ్గింది.

"నాకియ్యమ్మా, నీ మోకాళ్ళు చూసుకో" అంది లియొంతీన.

"నా మోకాళ్ళకు ఈ దారి నీకంటే బాగా తెలుసు. నువ్వు ముందు నడువు" అన్నాను.

గానుగ వాకిట్లో ఒక్క ఇల్లూ తక్కువ కాలేదు. చెరకు పిప్పి గుట్ట మీద ఆడవాళ్ళు, గోడ వారన మగవాళ్ళు. అనక్లేతు తెల్ల చొక్కా వేసుకుని గానుగ దూలానికి ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు.

"నెత్తిన పీపాతో మా కొమాద్రె వస్తుంటే ఊరేగింపులో మాత విగ్రహం వస్తున్నట్టే ఉంది" అన్నాడు.

"మాతనే అయితే ఈపాటికి నువ్వు మోకాళ్ళ మీద ఉండేవాడివి కొంపాద్రె" అన్నాను. పిప్పి గుట్ట మీద ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు కాస్త ఊతమయింది.

ఒలింపియు నవ్వలేదు. అతను ఎప్పుడూ అంతే, ఎనభై ఏళ్ళు వచ్చినా ఒకరి వైపు మొగ్గడం రాలేదు. పీపాను రెండు రాళ్ళ మధ్య పడుకోబెట్టించి, బిరడా తీయించి, చెంచాడు గ్రోగు తెల్ల పింగాణీ పళ్ళెంలో పోశాడు. అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట లేచి, పళ్ళెం అంచుల దాకా పాకి, ఆరిపోయింది. అడుగున గోధుమరంగు మరక మిగిలింది. పీపాలో ఆగిన గ్రోగుకు మరక ఉంటుంది, అది కర్ర రంగు. ఒలింపియు దాని మీద వేలు పెట్టి ఎత్తాడు. వేలు అంటుకుంది. కొద్దిగానే, కానీ అంటుకుంది.

వాకిలి మొత్తం ఆ వేలు వంకే చూసింది.

"న్యా జుల్మీర, నువ్వు రుచి చూడు. చూసి నువ్వే చెప్పు" అన్నాడు ఒలింపియు. పెద్ద ఆడవాళ్ళను మా దగ్గర న్యా అనే పిలుస్తారు.

నేను చూశాను. బాప్తిస్మం రోజు నేను తాగలేదు, అతిథులకు పోసి ఊరుకున్నాను. ఆరేళ్ళలో దాన్ని నాలుక మీద పెట్టుకోవడం అదే మొదటిసారి. ముందు మంట, తరువాత కర్ర, ఆ తరువాత నాలుక చివర మెల్లగా, దొంగలా, తీపి. తియోఫిలు నింపినప్పుడు అందులో తీపి లేదు. చెరకు రసమే అయినా కాచినప్పుడు తీపి ఆవిరై పైకి రాదు, కుండలోనే ఉండిపోతుంది. ఈ సంగతి మా లోయలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

లేదని అనొచ్చు. నాలుక నాది, ఎవరు వచ్చి చూస్తారు. కానీ ఒక అబద్ధం పెడితే దానికి కాపలాగా ఇంకో పది పెట్టాలి, నాకంత ఓపిక లేదు.

"తీపి ఉంది" అన్నాను.

లియొంతీన నా చెయ్యి పట్టుకుంది. అనక్లేతు రెండు చేతులూ చాపి అందరి వైపూ తిరిగాడు.

"విన్నారు కదా. నేను చెప్పిందే. తన నోటితో తనే ఒప్పుకుంది."

"తీపి ఉందని ఒప్పుకున్నాను, పంచదార పోశానని ఒప్పుకోలేదు. తియ్యగా ఉన్నదల్లా పంచదారే అయితే నీ మాటల్లో ఎన్ని బస్తాలు ఉండాలి కొంపాద్రె."

"మరి ఆ తీపి ఎక్కడిది? దేవదూతలు వచ్చి ఉమ్మారా?"

"నాకు తెలియదు" అన్నాను. "తెలుసుకుందాం. పీపా మొహం తియ్యండి."

పీపాకు రెండు పక్కలా గుండ్రటి మొహాలుంటాయి, పలకలు జోడించి గాడిలో బిగిస్తారు. అది తియ్యాలంటే ఇనుప కట్లు వదులు చెయ్యాలి, లోపలిది దించెయ్యాలి. దించిన గ్రోగు అక్కడితో ఆగిపోతుంది. గాజులో పోశాక వందేళ్ళు దాచినా అది ఆరేళ్ళదే.

పీపాల వడ్రంగి సిల్వానుకు నా మాట అందరికంటే ఎక్కువ బరువనిపించినట్టుంది. ఆ పీపాను తియోఫిలూ అతనూ కలిసి చేశారు. కొత్త ఓక్ కర్ర తెప్పించి, వగరు పోవడానికి మూడుసార్లు ఉప్పునీళ్ళు మరిగించి పోసి, లోపల మంట చూపించి, కట్లు బిగించారు. వాళ్ళిద్దరూ ఆ కట్లు బిగిస్తూ తిట్టుకున్న తిట్లు నాకింకా గుర్తే, ఇక్కడ చెప్పేవి కావు.

"వద్దు న్యా జుల్మీర" అన్నాడు సిల్వాను, కూర్చున్నచోటు నుంచి లేవకుండా. "కర్ర ఉబ్బి ఉంది. కట్లు తీస్తే మళ్ళీ పట్టవు."

"పట్టకపోతే పోనీ."

"పదేళ్ళకి ఇంకా నాలుగే ఉన్నాయి. మా తియోఫిలు మాట అది."

"తియోఫిలు పదేళ్ళు ఆగమన్నాడు. దొంగ అనిపించుకుని ఆగమనలేదు. లే, కొడతి తీసుకో. నువ్వు తియ్యకపోతే నేనే రాయి పెట్టి కొడతాను, నీ పనితనం అంతా ముక్కలవుతుంది."

లేచాడు. అతని మొహంలో ఇష్టం లేకపోవడం చూసి, పాపం, స్నేహితుడి జ్ఞాపకం విప్పడానికి బాధపడుతున్నాడనుకున్నాను.

ముందు నేను ఒక సన్నటి రెల్లు పుల్ల బిరడా రంధ్రంలోంచి అడుగు దాకా దించి తీశాను. తడిసిన చోట ఒలింపియు చేత దారం కట్టించాను. "ఇది నువ్వే ఉంచుకో. నా చేతిలో ఉంటే దారం జరిగిందంటారు" అన్నాను. తరువాత గ్రోగును అల్లిక చుట్టిన పెద్ద గాజు బుడ్డిలోకి దించాం. చిక్కటి తేనీరు రంగులో, సన్నటి దారంలా దిగింది. వాసన వాకిలంతా నిండింది. పిప్పి గుట్ట మీద నుంచి ఎవరో ముసలావిడ, "దొంగదైనా సరే, నాకో గుక్క ఉంచండి" అంది. నేను బుడ్డి వంక చూడలేదు.

సిల్వాను పీపాను నిలబెట్టి కట్టు చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. తుప్పు రాలింది. మూడో చుట్టులో కట్టు జారింది. పలకలు ఒళ్ళు విరుచుకున్నట్టు సన్నగా కిర్రుమన్నాయి. మొహం ఊడి అతని చేతిలోకి వచ్చింది. లోపలి వైపు తనకేసి తిప్పుకుని చూశాడు, చూసి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇటియ్యి" అన్నాడు ఒలింపియు.

ఇప్పుడు కర్ర సంగతి చెప్పాలి. పీపా కూడా తాగుతుంది. డిసెంబరు మొదలు తూర్పు నుంచి ఎడారి గాలి దుమ్ముతో వచ్చి పెదవులు పగలగొడుతుంది చూడండి, అప్పుడు కర్రకూ దాహమే. లోపలి గ్రోగు రోజురోజుకూ తగ్గుతుంది. ఆగస్టు వానలకు కర్ర ఉబ్బి నోరు మూసుకుంటుంది, మట్టం ఒకే చోట నిలుస్తుంది. నిలిచినచోట నీళ్ళ తొట్టి గోడ మీద పడినట్టు ఒక గీత పడుతుంది. ఏడాదికొక గీత. కదపని పీపాలో, పైన పొయ్యని పీపాలో, మొహం లోపల మెట్లు మెట్లుగా దిగుతాయి. మధ్యలో ఎవరైనా కొత్తది పోస్తే మట్టం పైకి లేచి, పాత గీతలను ముంచేస్తుంది. మెట్లు చెరిగి ఒకటే మచ్చగా కలిసిపోతాయి. ఈ లెక్క తియోఫిలు నాకు నేర్పినదే, అతనికి వాళ్ళ నాన్న నేర్పాడు.

ఒలింపియు మొహాన్ని పీపాలో ఉన్నట్టే నిలువుగా పట్టుకుని, చొక్కా చేతితో తుడిచి, ఎండలోకి తిప్పాడు. వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు, గట్టిగా, అందరికీ వినపడేలా. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. మళ్ళీ కింద నుంచి పైకి లెక్కపెట్టాడు. అవే ఆరు. రెల్లు పుల్ల ఆనించాడు. దారం ఆరో గీతకు కిందగా, సరిగ్గా ఒక సీసా తీసినంత కింద ఆగింది.

"ఇది నువ్వు బాప్తిస్మానికి తీసింది" అన్నాడు నాతో.

"అదే."

అంతటితో వదల్లేదు. పీపాలోకి భుజం దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. మాడ్చిన పంచదార అడుగున నల్లటి తారులా పేరుకుంటుంది, గోరుకు పడుతుంది. చెయ్యి తీసి చూపించాడు. శుభ్రంగా ఉంది.

"ఆరేళ్ళది" అన్నాడు. "పాకం పోసింది కాదు, కొత్తది కలిపింది కాదు. న్యా జుల్మీర వంతు న్యా జుల్మీరదే. రేపు పొద్దున ఎడ్లు కట్టండి."

పిప్పి గుట్ట మీద ఒకరిద్దరు చేతులు తట్టారు. నా చెరకు మీద అరటాకులు సర్దిన పిల్ల వచ్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. నేను కూర్చోబోయాను. కానీ ఒలింపియు ఆ మొహాన్ని కింద పెట్టలేదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇది చూడు" అన్నాడు నెమ్మదిగా.

మొహానికి నిలువుగా ఐదు పలకలు. నాలుగింటి మీద ఆరేసి గీతలున్నాయి. ఒక్కదాని మీద మూడే ఉన్నాయి. కింది మూడు. పైన మూడు ఉండాల్సిన చోట కర్ర వట్టిగా, మచ్చ లేకుండా ఉంది. పక్క పలకల మీద గీతలు వచ్చి, దీని అంచు దగ్గర తెగి, అవతల అంచు దగ్గర మళ్ళీ మొదలయ్యాయి.

నేను ముక్కు ఆనించాను. నాలుగు పలకలూ గ్రోగు వాసన. ఈ ఒక్కటీ అడుగున ఎక్కడో ద్రాక్ష వాసన. ఫోగు దీవి నుంచి పడవలో వచ్చే తియ్యటి ద్రాక్షసారా ఉంటుందే, ఆ వాసన. తీపి ద్రాక్షసారా ఏళ్ళ తరబడి తాగిన పీపా నుంచి తీసిన పలక అది. తాగిన తీపిని మూడేళ్ళుగా నా గ్రోగులోకి కక్కుతోంది.

"తీపి దీనిది" అన్నాడు ఒలింపియు. "మూడేళ్ళ కిందట ఎవరో పీపా విప్పి, గ్రోగు దించి, ఈ పలక మార్చి, దించింది దించినట్టే మళ్ళీ పోశారు. ఒక్క చుక్క కలపలేదు. ఒక్క చుక్క తియ్యలేదు. మార్చాక మట్టం అక్కడి నుంచే దిగింది."

దొంగతనమైతే అర్థం చేసుకునేదాన్ని. దొంగ తాగుతాడు, నీళ్ళు కలుపుతాడు. ఇంత జాగ్రత్తగా విప్పి, ఇంత జాగ్రత్తగా మూసేది ఎవరు? ఆ పీపా ఉండే గదికి తాళం ఉంది, చెవి నా మెడలో ఉంటుంది. నా మెడ నుంచి అది ఒక్కసారే దిగింది. కంటికి కత్తి పెట్టించుకోవడానికి మిందేలు పట్నం ఆసుపత్రికి వెళ్ళి నెలన్నర ఉన్నాను. అది మూడేళ్ళ కిందటి మాట.

అనక్లేతు దూలం దగ్గర నుంచి కదిలాడు. గొంతు మారిపోయింది, పొద్దున్నుంచీ ఉన్న ఆ పెళ్ళిపెద్ద గొంతు కాదు.

"సరే కొమాద్రె. నా మాట తప్పయింది, అందరి ముందూ అంటున్నాను. వంతు నీదే. ఇంక ఇళ్ళకు పోదాం, ఎండెక్కింది, ఇళ్ళల్లో కచుపా కూడు చల్లారిపోతుంది."

"నా కచుపా పొయ్యి మీదే ఉంది. మాడినా పర్లేదు" అన్నాను. "బాప్తిస్మం నాడు ఈ మాట ఎత్తింది నువ్వే. తేలేదాకా ఉండు."

సిల్వాను వైపు తిరిగాను. అతను కొడతిని రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తున్నాడు.

"సిల్వానూ. ఈ లోయలో పలకను ఇంత సన్నగా గాడికి దించే బాడిస ఇంకొకటి లేదు. ఇది నీ చేతి పని."

"నాదే" అన్నాడు.

"ఎందుకు మార్చావు?"

"పాతది పగిలింది. నిలువునా. అప్పుడప్పుడే చెమ్మ ఊరుతోంది. ఓక్ కర్ర దొరకలేదు, ఉన్నది అదొక్క పలకే. మంచి పలకే, తీపి తాగి ఉందని నాకు తెలియదు." కొడతి కింద పెట్టాడు. "నాకు పీపా ఒకరు తెచ్చారు, పలక ఇంకొకరు ఇచ్చారు. నీకు చెప్పనని ఇద్దరికీ ఒట్టేశాను. ఇద్దరూ ఈ వాకిట్లోనే ఉన్నారు. నా ఒట్టు నేను తప్పను, వాళ్ళే చెప్పాలి."

నా చేతిని పట్టుకుని ఉన్న చెయ్యి జారిపోయింది. పక్కకు తిరిగి చూశాను. లియొంతీన నా ఎదురుగా వచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, నాతోపాటు బట్టీ ముందు చెమటలు కక్కిన మనిషి, మొహం తెల్లగా పాలిపోయింది.

"పీపా పట్టుకెళ్ళింది నేనమ్మా" అంది.

"పగలగొట్టింది కూడా నువ్వేనా?"

"కాదు."

"మరెవరు?"

అది నా వైపు చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నేనూ తిరిగాను. అనక్లేతు టోపీ తీసి గుండెకు ఆనించుకుని ఉన్నాడు. తీపి పలక ఇచ్చింది ఎవరో ఇక అడగక్కర్లేకపోయింది. ఆ తీపి ఎక్కడిదో బాప్తిస్మం నాడు మొదటి గుక్కకే అతనికి తెలుసు. తెలిసే పంచదార అన్నాడు.

"లియొంతీనా" అన్నాడు, బతిమాలుతున్నట్టు. "చెప్పకు."

నేను చెరకు మోపు మీద కూర్చున్నాను. సోమవారం నాది, చెరకు నాది, అది ఎవరూ తీసుకోలేరు. ఇక తొందర లేదు.

"చెప్పు" అన్నాను నా కూతురితో. "సాయంత్రమైనా సరే, ఇక్కడి నుంచి లేవను."

మిగతాది వచ్చే వారం. ఇక్కడిదాకా మనసులో పెట్టుకోండి. ఇళ్ళకు వెళ్ళాక రానివాళ్ళకు చెప్పండి, కానీ వరస తప్పకుండా చెప్పండి. ముందు ఆరు గీతలు చెప్పి, ఒలింపియు మాట చెప్పి, ఆ తరువాతే నా కూతురు సంగతి ఎత్తండి. ముందే దాని పేరు చెప్తే వినేవాళ్ళు మిగతాది వినకుండానే తీర్పు చెప్పేస్తారు. నా విషయంలో అదే జరగబోయింది, దానికి అలా జరగనివ్వకండి.